చిల్లుల తొట్టి, చింతచిగురు

నేను ఒక చిల్లుల తొట్టిని. నవ్వకండి. చిల్లు పడిన కుండని జనం గోడవతల పారేస్తారు. నన్ను మాత్రం చిల్లులు పెట్టి మరీ చేయించుకున్నారు. అడుగున నీళ్ళు పోవడానికి రెండు పెద్దవి, వేళ్ళని కదలకుండా కట్టే తీగ దూర్చడానికి నాలుగు చిన్నవి. మూరెడు పొడుగు, జానెడు వెడల్పు, బెత్తెడు లోతు, కోడిగుడ్డు ఆకారం. ఒంటి మీద మెరుపూ లేదు, పూతా లేదు, కాలిన మట్టిరంగే. అయినా బోన్సాయ్ పెంచేవాళ్ళు నన్ను చూస్తే ఆగుతారు, వంగుతారు, అంచు మీద వేలు రాసి "అబ్బ, భలే తొట్టండీ" అంటారు. ఆ మాట విన్నాక కాస్త గర్వం లేకుండా ఎలా ఉంటుంది చెప్పండి.

నన్ను చేసింది గవరయ్య. గోదావరి గట్టు దగ్గర అతనికి ఆవం ఉండేది. మంచినీళ్ళ కుండలు, నర్సరీల వాళ్ళకి పూలకుండీలు కాల్చేవాడు. ఒకరోజు కాకినాడ నుంచి ఒకావిడ అట్టముక్క మీద నా ఆకారం కత్తిరించుకుని తెచ్చింది. గవరయ్య దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇందులో ఏం వండుతారండి?"

"ఏమీ వండను. చెట్టు పెడతాను."

"ఇందులో తులసిమొక్క కూడా పట్టదు కదండీ!"

"తులసి కాదు, చింతచెట్టు."

గవరయ్య ఆవిడ ముఖంలోకి ఒకసారి చూశాడు. పెద్దింటి ఆడమనిషితో వాదన ఎందుకనుకున్నాడేమో, "ఆయ్, అలాగేనండి" అని మట్టి పిసకడం మొదలుపెట్టాడు. చేతిపని బాగానే చేశాడు గాని, ఆవంలో నా నాలుగు కాళ్ళలో ఒకటి కాస్త కుంగింది. నేల మీద పెడితే టకటకమని ఊగుతాను. వేరేది చేసిస్తానన్నాడు గవరయ్య. "ఫర్వాలేదు, ఇదే ఇవ్వండి" అని ఆవిడ నన్ను పాత చీరలో చుట్టుకుని బస్సెక్కింది. దారంతా ఒళ్ళోనే పెట్టుకుంది.

ఆవిడ పేరు భ్రమరాంబ. మునిసిపల్ స్కూల్లో లెక్కలు చెప్పేది. మిగిలిన టీచర్లు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటుంటే ఈవిడ బోన్సాయ్ క్లబ్బుకి వెళ్ళి చెట్ల కొమ్మలు ఎలా వంచాలో నేర్చుకునేది. భర్త తాతారావుకి బజారు వెనకవీధిలో చిన్న షాపు. కాలిపోయిన మోటార్లకి, ఫ్యాన్లకి రాగితీగ చుట్టేవాడు. ఆ షాపు వెనక, మురిక్కాలువ పక్కన, ఎవరో భోజనం చేసి ఉమ్మిన చింతగింజ మొలిచింది. భ్రమరాంబ ఓ మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్ళినప్పుడు దాన్ని చూసింది. మొదలు దగ్గరే ఒక వంపు, ఆ వంపు మీద రెండు కొమ్మలు. చూశాక కాళ్ళు కదల్లేదు. షాపులోని పెద్ద స్క్రూడ్రైవరు పట్టుకెళ్ళి తానే తవ్వి తెచ్చుకుంది.

"ఇంట్లో ఉన్న చింతలు చాలవా, తొట్లో ఇంకో చింతెందుకే?" అని తాతారావు ఎగతాళి చేశాడట. ఎగతాళి చేసినా కాలిన మోటార్లలోంచి తీసిన రాగితీగ మాత్రం కట్టలు కట్టలుగా తెచ్చిచ్చేవాడు. ఒకసారి కాలిన తీగ మెత్తబడుతుంది కదా, కొమ్మకి చుడితే చెప్పినట్టు వంగుతుంది. క్లబ్బులో అందరూ తీగ కొనుక్కుంటుంటే, "మా ఆయన తెచ్చింది" అని ఈవిడ కాస్త గొప్ప పోయేది.

బోన్సాయ్ వాళ్ళ లోకంలో చెట్టుకి రెండు ఇళ్ళు. బలం పుంజుకునేదాకా పనికిమాలిన టబ్బో, పాత డబ్బానో సరిపోతుంది. మొదలు లావెక్కి, కొమ్మలు కుదిరి, నలుగురిలో నిలబెట్టే రోజొస్తే అప్పుడు నాలాంటి తొట్టిలోకి మారుస్తారు. భ్రమరాంబకి తొందరెక్కువ. చెట్టు పిల్లదై ఉండగానే నన్ను చేయించేసింది. అలా నేను వరండాలో గూటిలో కూర్చున్నాను. చెట్టేమో నా ఎదురుగా పిట్టగోడ మీద, అంచు పగిలిన నీలం టబ్బులో. మా ఇద్దరికీ మధ్య నాలుగడుగుల దూరం.

ఆ నాలుగడుగులూ దాటడానికి ఎన్నేళ్ళు పట్టిందో తలుచుకుంటే ఇప్పటికీ ఉసూరుమంటుంది. ఏటా వానలు మొదలవగానే భ్రమరాంబ నన్ను కిందికి దించేది. తడిగుడ్డతో తుడిచేది. చెట్టు పక్కన పెట్టి, రెండడుగులు వెనక్కి వెళ్ళి, తల ఒక పక్కకి వాల్చి చూసేది. నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఊపిరి ఎక్కడిదని అడక్కండి, మాట వరసకన్నాను. చూసి చూసి ఆవిడ ఒకే మాట అనేది: "ఈ ఏడు కాదు." మళ్ళీ గూట్లోకి.

పోనీ గూట్లోనైనా మర్యాదగా ఉంచారా అంటే అదీ లేదు. ఖాళీగా కనిపించిన పాత్రని ఖాళీగా ఉండనిస్తే వాళ్ళు మనుషులెందుకవుతారు! ఒక ఏడు ఉల్లిపాయలు పోశారు. ఒక ఏడు బట్టల క్లిప్పులు. చివరికి తాతారావు తన స్కూటరు తాళం పడేసే చోటుగా నేను స్థిరపడిపోయాను. పొద్దున్నే వచ్చి నాలోంచి తాళం తీసుకుని, ఎదురుగా ఉన్న చెట్టుని చూసి, లోపలికి ఒక కేక పెట్టేవాడు:

"ఏమేవ్ భ్రమరం! దీన్ని పప్పులోకెప్పుడు కోస్తావే?"

"ముట్టుకున్నారంటే చేతులు విరిచేస్తాను" అని వంటింట్లోంచి జవాబొచ్చేది.

పెళ్ళికి వెళ్ళే రోజైనా, ఒంట్లో బాగాలేని రోజైనా ఆ కేక తప్పలేదు, ఆ జవాబూ తప్పలేదు. నాకైతే ఒళ్ళు మండేది. ఏళ్ళ తరబడి నేను కలలు కంటున్న చెట్టు ఇతగాడి కంటికి ఆకుకూర! అయినా ఆ తాళం నాలో ఠంగుమని పడే చప్పుడు వినకపోతే ఏదో వెలితిగా ఉండేది. అలవాటుపడిపోయాను.

ఆఖరికి ఒక శ్రావణంలో ఆవిడ నన్ను దించింది, చూసింది, తల అటు వాల్చింది, ఇటు వాల్చింది. "ఊఁ" అంది. అంతే. టబ్బులోంచి చెట్టుని పైకి లేపి, వేళ్ళు దువ్వి, పొడుగైనవి కత్తిరించి, నాలో ఇసకమట్టి పరిచి కూర్చోబెట్టింది. తాతారావు ఇచ్చిన రాగితీగతో అడుగునుంచి బిగించింది. ఆ మొదటి రోజు వేళ్ళు నా గోడలకి తగిలినప్పుడు నేను పడ్డ సంతోషం మాటల్లో చెప్పలేను. కాలిన మట్టికి అంతటి తడి ఆవంలోకి వెళ్ళాక తెలీదు. పక్కన నిలబడి తాతారావు నన్ను వేలితో నొక్కి చూశాడు, టకటకమని ఊగాను. షాపులో మోటార్లలో పెట్టే దళసరి పసుపుకాగితం ఒక ముక్క మడతపెట్టి కుంటికాలి కింద దూర్చాడు. "ఇప్పుడు బాగుంది. ఇంతకీ నా తాళం ఎక్కడ పెట్టుకోవాలే?" అన్నాడు.

క్లబ్బు ప్రదర్శన జనవరి ఆఖర్లో మూడు రోజులు జరుగుతుంది. దానికి ముందు ఒక తంతు ఉంది. నెలరోజుల ముందు చెట్టుకున్న ముదురాకంతా దూసేస్తారు. అప్పుడు చెట్టు కంగారుపడి, కాలం కాని కాలంలో చిగురేస్తుంది. సరిగ్గా జనం చూసే వేళకి లేతాకు, చిన్నాకు, నిగనిగలాడుతూ ఉండాలి. చెట్టుని మోసం చెయ్యడమే అనుకోండి. కొత్తసంవత్సరం వెళ్ళగానే భ్రమరాంబ ఆకు దూసింది. కాని అప్పటికే ఇంట్లో పరిస్థితి బాగాలేదు.

కార్తీకంలో తాతారావుకి కడుపునొప్పి వచ్చింది. ముందు పుండన్నారు, తర్వాత పుండు కాదన్నారు. విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు, మందు ఎక్కించారు. ఇంటికొచ్చేసరికి మనిషి సగమయ్యాడు. వరండాలోనే నవారుమంచం వేసి పడుకోబెట్టారు, గాలి తగులుతుందని. రెండో విడత మందు ఎక్కించాలంటే ఒంట్లో సత్తువ రావాలి, సత్తువ రావాలంటే తినాలి. "తినకపోతే మేం చెయ్యగలిగింది లేదమ్మా" అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆవిడ చారన్నం పెట్టింది, జావ కాచింది, ఇడ్లీ పాలల్లో నానబెట్టింది. అతను నోట్లో పెట్టుకుని మింగలేక, ఆవిడ మనసు కష్టపెట్టలేక, కళ్ళు మూసుకునేవాడు. "ఏం తిన్నా ఇనుము నమిలినట్టుందే. ఉప్పూ తెలీదు, కారమూ తెలీదు" అనేవాడు. పొద్దున్న కేక ఆగిపోయింది.

ప్రదర్శనకి వెళ్ళనని ఆవిడ అంటే మాత్రం ఊరుకోలేదు. "ఇన్నేళ్ళు కళ్ళల్లో వత్తులేసుకుని చూశావు. వెళ్ళకపోతే నామీద ఒట్టే" అన్నాడు. ఆవిడ సెలవు పెట్టి, అతని మంచం పక్కనే నన్ను పెట్టుకుని పని చేసింది. తీగలన్నీ ఊడదీసింది. నాకు నూనెగుడ్డతో ఒళ్ళు తుడిచింది. చెట్టేమో కొమ్మకొమ్మనా చిగురు తొడిగింది. చిన్నచిన్న ఆకులు, మొదట ఎర్రగా, తర్వాత లేతపచ్చగా. నాకు సిగ్గు కూడా లేదు, పక్కన మనిషి కష్టంలో ఉంటే నేను ప్రదర్శన గురించే ఆలోచిస్తున్నాను. హాలు మధ్యలో పెడతారా, మూల పెడతారా, బల్లమీద గుడ్డ ఏ రంగు, ఇదే గోల.

ఇంకో రెండు రోజుల్లో ప్రదర్శన. మధ్యాహ్నం వేళ భ్రమరాంబ నా మట్టి మీద నాచు అతుకుతోంది. తాతారావు పక్కకి ఒత్తిగిలి చెట్టునే చూస్తున్నాడు.

"ఏమేవ్" అన్నాడు. "చింతచిగురు పప్పు తినాలనుందే."

ఆవిడ చేతిలో నాచు జారిపోయింది. "ఏంటన్నారు?"

"పప్పే. వెల్లుల్లి దండిగా వేసి."

ఎన్నాళ్ళకి! ఫలానాది తినాలనుంది అని అతని నోటివెంట వచ్చి ఎన్నాళ్ళయింది! ఆవిడ చేతులైనా సరిగా కడుక్కోకుండా సంచి పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. పొద్దు వాలుతుండగా ఉత్తి సంచితో తిరిగొచ్చింది.

"మార్కెట్టంతా తిరిగానండి. జనవరిలో చింతచిగురేంటమ్మా, ఎండలు రానివ్వండి అని నవ్వుతున్నారు. రోడ్డుపక్క చెట్లు కూడా చూశాను. ముదురాకూ కాయలే. ఊరు మొత్తం మీద ఎక్కడా చిగురన్నది..."

అక్కడ ఆగిపోయింది. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. ఊరు మొత్తం మీద లేత చింతచిగురు ఉన్నది ఒక్కచోటే. వాళ్ళకంటే ముందు ఆ సంగతి నాకు అర్థమైంది. వద్దు తల్లీ, వద్దు, అనుకున్నాను.

"ఒద్దే. నేనేదో నోరుజారాను" అన్నాడు తాతారావు.

"మీరూరుకోండి."

"ఎల్లుండే కదే!"

"చెట్టుకి మళ్ళీ వస్తాయి" అందావిడ. ఆ తర్వాతి మాట ఆవిడ పైకి అనలేదు.

కత్తెర తియ్యలేదు. వేళ్ళతోనే కోసింది. పైకొమ్మ నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క చిగురూ గిల్లి పళ్ళెంలో వేసింది. ఒక్కటి కూడా మిగల్చలేదు. అంతా కలిపితే పిడికెడైంది. పిడికిలి గట్టిగా బిగిస్తే అదీ కాదు. ఇన్నేళ్ళ నా ఎదురుచూపంతా ఒక చిన్న పళ్ళెంలో అడుగున అంటుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ చేతకాక ఊరుకున్నాను.

కాసేపటికి వెల్లుల్లి పోపు వాసన వరండాలోకి వచ్చింది. మంచం మీద మనిషి మోచేతి మీద లేచి కూర్చున్నాడు. ఆవిడ వేడన్నంలో పప్పు కలిపి పళ్ళెం అతని చేతికిచ్చి, ఎదురుగా నిలబడింది. అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. ముఖం చిట్లించాడు.

"ఉప్పు తగ్గిందేవ్."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది. తాతారావు బిత్తరపోయాడు. "ఉప్పు తగ్గిందంటే ఏడుస్తారేంటే! పోయి కాస్త పట్రా." ఆవిడ నవ్వుతూ, ఏడుస్తూ, ఉప్పుడబ్బా మొత్తం తెచ్చి పక్కన పెట్టింది. అతను పళ్ళెం వేలితో తుడుచుకుని మరీ తిన్నాడు. మర్నాడు పెరుగన్నం తిన్నాడు.

ప్రదర్శన మొదలైన రోజు పక్కింటావిడని అతని దగ్గర కూర్చోబెట్టి, మమ్మల్ని ఆటోలో పెట్టుకుని భ్రమరాంబ కల్యాణమండపానికి వచ్చింది. క్లబ్బు కార్యదర్శి జోగారావు గారు గుమ్మంలోనే ఆపారు. ఆయన మంచివారే గాని నియమాల మనిషి.

"ఏంటమ్మా ఇది, ఆకులేవీ? పురుగు పట్టిందా?"

"లేదండి. పప్పులో వేశాను."

హాలంతా గొల్లుమంది. జోగారావు గారు నవ్వలేదు. చింత ఆకుతో ఉంటేనే పోటీలోకి తీసుకుంటామని, పోనీ తెచ్చారు కాబట్టి ఎక్కడో ఒకచోట పెట్టుకోమని అన్నారు. ఆ ఎక్కడో ఒకచోటు మంచినీళ్ళ డ్రమ్ము పక్క. గుడ్డ కూడా పరవలేదు. జనం నీళ్ళు తాగి కాగితం గ్లాసులు నా పక్కనే పెట్టి పోయారు. ఒకాయన ఖాళీ గ్లాసు నాలోనే పడేశాడు. ఇందుకా నేను గూట్లో అన్నేళ్ళు పడున్నాను అని కుమిలిపోయాను.

ఆఖరి రోజు సాయంత్రం గుమ్మం దగ్గర కలకలం. చూస్తే తాతారావు! తలకి మఫ్లరు, ఒక చెయ్యి పక్కింటాయన భుజం మీద. గుమ్మం నుంచి డ్రమ్ముదాకా రావడానికి మూడుచోట్ల ఆగాడు. వచ్చి నన్ను వేలితో నొక్కాడు. ఊగాను. వంగి, జరిగిపోయిన పసుపుకాగితాన్ని మళ్ళీ కాలికింద సర్దాడు. నిటారుగా లేచి, నీళ్ళ కోసం వచ్చిన వాళ్ళందరికీ వినబడేలా అన్నాడు:

"చూడండి బాబూ, చూడండి! ఈ చెట్టు పప్పు నేను తిన్నానండి!"

జనం మూగారు. ఎలా ఉందని అడిగారు. అతను ఉప్పు సంగతితో సహా చెప్పాడు. హాలు మధ్యలో ఉన్న చెట్ల దగ్గర కంటే మా డ్రమ్ము దగ్గరే గుంపు ఎక్కువైంది. భ్రమరాంబ సిగ్గుపడిపోయి "చాల్లెండి, పదండి" అంటూ అతని మఫ్లరు సరిచేసింది. మోడుచెట్టుని పెట్టుకుని మురిసిపోయిన తొట్టిని మీరెక్కడైనా చూశారా? ఆ సాయంత్రం నేను మురిసిపోయాను.

రెండో విడత మందు ఎక్కించారు. కొన్నాళ్ళు బాగానే తిరిగాడు. షాపుకి కూడా వెళ్ళొచ్చాడు. పొద్దున్న కేక మళ్ళీ మొదలైంది, కాస్త నీరసంగా. వైశాఖమాసంలో తాతారావు పోయాడు.

అప్పుడు వీధిలో బళ్ళ మీద చింతచిగురు గుట్టలుగా వచ్చింది. ఎవరి మోసమూ లేకుండా, కాలానికి తగినట్టు మా చెట్టు కూడా చిగురేసింది. భ్రమరాంబ పొద్దున్నే నీళ్ళు పోసేది, చిగురు వైపు చూసేది కాదు. బండివాడు "చింతచిగురమ్మా" అని అరిస్తే లోపలికెళ్ళి తలుపేసుకునేది. ఆ చిగురంతా అలాగే ముదిరిపోయింది.

డిసెంబరులో జోగారావు గారు స్వయంగా ఇంటికొచ్చారు. కుర్చీ అంచున కూర్చుని, చాలాసేపు చెట్టునే చూశారు. "ఈసారి ఆకుతో తీసుకురండమ్మా. మధ్య బల్ల మీదే" అన్నారు. ఆవిడ తలూపింది. ఆకు దూసింది, చిగురు తెప్పించింది, నాచు అతికింది. నా కుంటికాలి కింద పాత పసుపుకాగితమే ఉంచింది.

మధ్య బల్ల, తెల్లగుడ్డ, పైనుంచి దీపం. ఇన్నేళ్ళూ నేను కోరుకున్నదంతా అణువంతైనా తగ్గకుండా దొరికింది. ఫొటోలు తీశారు, బహుమతి ఇచ్చారు, అంచు మీద వేళ్ళు రాయబోతే "ముట్టుకోరాదు" అన్న బోర్డు పెట్టారు. ఆ మూడు రోజులూ వచ్చిన ప్రతి మనిషి నోటివెంటా నేను ఒకే మాట కోసం చెవులు రిక్కించాను. మొదలు బాగుందన్నారు, వంపు బాగుందన్నారు, తొట్టి బాగుందన్నారు. పప్పులోకెప్పుడు కోస్తారని ఒక్కరూ అడగలేదు. నాకు ఆ పొగడ్తలేవీ అక్కర్లేదనిపించింది. నాలో ఠంగుమని తాళం పడితే చాలుననిపించింది.

ఇంటికి తెచ్చి ఆవిడ మమ్మల్ని పిట్టగోడ మీద పెట్టింది. చీకటిపడుతుంటే చెట్టు ఎప్పట్లాగే ఆకులు ముడుచుకుంది. పొద్దున్న మళ్ళీ విప్పింది. భ్రమరాంబ కాఫీగ్లాసు పట్టుకుని వచ్చి, అతను తాళం కోసం నిలబడే చోటే నిలబడింది. వీధిలో ఎవరూ లేరు. మెల్లగా, అతని గొంతు తెచ్చుకుని అంది:

"ఏమేవ్ భ్రమరం! దీన్ని పప్పులోకెప్పుడు కోస్తావే?"

ఆవిడ గ్లాసు గోడమీద పెట్టి, పైకొమ్మ నుంచి చిగురు గిల్లడం మొదలుపెట్టింది. ఈసారి నాకు కోపం రాలేదు. కొయ్యి తల్లీ, అంతా కోసుకో, అనుకున్నాను.

వెల్లుల్లి పోపు వాసన వచ్చింది. ఆవిడ పళ్ళెంలో అన్నం కలుపుకుని వరండాలోకి వచ్చి నవారుమంచం మీద ఒక చివర కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, రెండో చివర వైపు చూస్తూ ఆగింది. ఉప్పు సరిపోయిందో, తగ్గిందో ఆవిడకి తెలిసే ఉంటుంది.

ఎవరూ ఏమీ అనలేదు.